మురుగునీటి శుద్ధిలో సూక్ష్మజీవుల చురుకుదనం - కొలిచే పద్ధతులు, సాగునీటికి వాటి ప్రాధాన్యం

హైదరాబాదు దిగువన మూసీ నది వెంట సాగు చేసే రైతులకు నీటి కొరత కంటే నీటి నాణ్యతే పెద్ద సమస్య. వేసవిలో సైతం ఎండిపోని ఆ ప్రవాహంలో అధిక భాగం నగరం విడిచిన నీరే. పశువుల మేతకు పారా గడ్డి, తిండికి వరి, అక్కడక్కడా ఆకుకూరలు ఈ నీటిపైనే పండుతున్నాయి. ఎగువన శుద్ధి సక్రమంగా జరిగిన నాడు ఈ నీరు నత్రజని, భాస్వరాలను మోసుకువచ్చే సాగునీరు. శుద్ధి దెబ్బతిన్న నాడు అదే నీరు దుర్వాసనతో, నురగతో, కుళ్ళు పదార్థంతో పొలంలోకి పారుతుంది. ఈ రెండింటి మధ్య తేడాను నిర్ణయించేది శుద్ధి కేంద్రంలోని తొట్లలో జీవించే సూక్ష్మజీవుల ఆరోగ్యం.

శుద్ధి ఎంత బాగా జరిగిందో తెలుసుకోవడానికి అందరూ ఆధారపడే పరీక్ష జీవరసాయన ఆమ్లజని అవసరం, అనగా బి.ఓ.డి. మన దేశంలో ఈ పరీక్షను 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 రోజుల పాటు చేస్తారు. 20 డిగ్రీల వద్ద 5 రోజుల పాటు చేసే పద్ధతి కూడా ఉంది. నీటి నాణ్యతకు ఇది ప్రామాణికమైన కొలతే. కానీ ఫలితం చేతికి వచ్చేసరికి పరీక్షించిన నీరు ఎప్పుడో కాలువ దాటి మడిలో చేరి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న చందంగా, గడిచిన తప్పిదాన్ని ఇది నమోదు చేయగలదే తప్ప జరగబోయే తప్పిదాన్ని ఆపలేదు. కాబట్టి శుద్ధి అయిన నీటితో పాటు, శుద్ధి చేస్తున్న సూక్ష్మజీవులను నేరుగా పరీక్షించే పద్ధతులకు ప్రాధాన్యం పెరిగింది. నిమిషాల్లో లేదా గంటల్లో ఫలితమిచ్చే ఈ పరీక్షల వివరాలను, వాటి ఆధారంగా తీసుకోదగిన నిర్ణయాలను, వాటి పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

శుద్ధి చేసేది జీవరాశే

పంపులు, గాలి యంత్రాలు, కాంక్రీటు తొట్లు శుద్ధికి సదుపాయాలు మాత్రమే. మురుగులో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాన్ని తిని, కొంత భాగాన్ని కార్బన్ డయాక్సైడుగా, కొంత భాగాన్ని తమ శరీరంగా మార్చుకునేవి బాక్టీరియా. అవి గుంపులు గుంపులుగా అతుక్కొని గోధుమరంగు రేణువులుగా ఏర్పడతాయి. గాలి తొట్టి నుంచి నీరు తేట తొట్టికి చేరగానే ఈ రేణువులు అడుగున పేరుకుంటాయి, పైన తేటనీరు మిగులుతుంది. అడుగున చేరిన బురదలో కొంత భాగాన్ని మళ్ళీ గాలి తొట్టికి పంపుతారు. పాలు తోడుకోవడానికి ముందు రోజు పెరుగు ఎలా అవసరమో, కొత్తగా వచ్చే మురుగును త్వరగా శుద్ధి చేయడానికి ఈ బురద అలా అవసరం.

ఈ సూత్రాన్ని ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ 1914లో ప్రకటించారు. మురుగులోకి గాలిని పంపి, ఏర్పడిన బురదను పారవేయకుండా అట్టిపెట్టి మరల మరల వాడినప్పుడు, తొలుత వారాల తరబడి పట్టిన శుద్ధి క్రమంగా గంటల్లోకి తగ్గిందని వారు నిరూపించారు. ఆ బురదకు వారు పెట్టిన పేరే ‘యాక్టివేటెడ్ స్లడ్జ్’, అంటే ఉత్తేజిత బురద. వారికి ఈ పరిశోధన మార్గాన్ని సూచించిన గిల్బర్ట్ ఫౌలర్ అనంతరం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యునిగా పనిచేశారు. మురుగులోని నత్రజనిని తిరిగి నేలకు చేర్చే మార్గాలపై ఆయన శ్రద్ధ చూపడం వ్యవసాయ శాస్త్రానికి దగ్గరి సంగతి.

బురద బరువు చెప్పలేని విషయం

శుద్ధి కేంద్రాల్లో ప్రతిరోజూ చేసే పరీక్ష గాలి తొట్టిలోని బురద గాఢత. నమూనాను వడకట్టి, 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి తూస్తే మొత్తం ఘన పదార్థం తెలుస్తుంది. దానిని 550 డిగ్రీల వద్ద కాల్చితే తగ్గే బరువు సేంద్రియ భాగం. ఈ సేంద్రియ భాగాన్నే సూక్ష్మజీవుల పరిమాణంగా లెక్కించడం వాడుక.

ఇక్కడే చిక్కు ఉంది. బతికిన కణం, చచ్చిన కణం, జీర్ణం కాని పీచు, కణాల చుట్టూ పేరుకున్న జిగురు - అన్నీ ఒకే తీరుగా కాలి ఒకే లెక్కలో చేరతాయి. విషపదార్థం వల్ల సూక్ష్మజీవుల్లో సగం చనిపోయినా ఆనాటి బురద బరువు మారదు. కొట్టంలోని పశువులను లెక్కపెట్టినంత మాత్రాన ఎన్ని లీటర్ల పాలు వస్తాయో తెలియదు. అలాగే బురద బరువు తూచినంత మాత్రాన శుద్ధి సామర్థ్యం తెలియదు.

బురద పేరుకునే తీరును తెలిపే పరీక్ష మరొకటి. లీటరు కొలజాడీలో నమూనాను నింపి 30 నిమిషాలు కదల్చకుండా ఉంచి, అడుగున చేరిన బురద ఎత్తును మిల్లీలీటర్లలో చదవాలి. ఉదాహరణకు బురద 250 మి.లీ. వద్ద ఆగి, దాని గాఢత లీటరుకు 2.5 గ్రాములైతే, గ్రాముకు 100 మి.లీ. బురద సూచిక వస్తుంది. ఈ సూచిక 150 దాటితే పోగుల ఆకారపు బాక్టీరియా పెరిగి బురద ఉబ్బుతున్నదని అనుమానించాలి. ఖర్చు లేని ఈ పరీక్షను ప్రతి కేంద్రంలో రోజూ చేయవలసిందే. అయితే ఇది బురద రూపాన్ని చెబుతుంది గాని దాని చురుకుదనాన్ని చెప్పదు.

ప్రాణవాయువు వినియోగ వేగం

జీవి చురుకుదనానికి నమ్మదగిన గుర్తు శ్వాస. ఆహారం అందిన సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వేగంగా తీసుకుంటాయి, ఆకలితో ఉన్నవి నెమ్మదిగా తీసుకుంటాయి, విషానికి గురైనవి దాదాపు మానివేస్తాయి. ఈ వేగాన్ని కొలవడానికి కరిగిన ప్రాణవాయువు మీటరు, 300 మి.లీ. బి.ఓ.డి. సీసా, అయస్కాంత కలియబెట్టే పరికరం, గడియారం ఉంటే చాలు.

పరీక్షా విధానం: గాలి తొట్టి నుంచి తీసిన నమూనాను వెంటనే గిలకొట్టి, కరిగిన ప్రాణవాయువు లీటరుకు 6 మి.గ్రా. పైకి చేరేలా చూడాలి. సీసాను గాలి బుడగ లేకుండా పూర్తిగా నింపి, మీటరు కడ్డీని బిగించి, కలియబెడుతూ ప్రతి 30 సెకన్లకు ఒకసారి విలువను నమోదు చేయాలి. ప్రాణవాయువు 2 మి.గ్రా. కంటే తగ్గక ముందే పరీక్షను ముగించాలి. ఆ తరువాత ప్రాణవాయువు లేమి వల్లనే వేగం తగ్గి లెక్క తప్పుతుంది. నమూనా ఉష్ణోగ్రత తొట్టి ఉష్ణోగ్రతకు సమానంగా ఉండాలి. తీసిన నమూనాను గంటల తరబడి నిలవ ఉంచితే అందులోని ఆహారం అయిపోయి విలువ తగ్గుతుంది కాబట్టి తొట్టి పక్కనే పరీక్షించడం శ్రేయస్కరం.

ఒక లెక్క: 5 నిమిషాల్లో ప్రాణవాయువు 6.5 నుంచి 3.5 మి.గ్రా.కు తగ్గిందనుకుంటే, తగ్గుదల లీటరుకు 3 మి.గ్రా. గంటకు లెక్కిస్తే 36 మి.గ్రా. బురదలోని సేంద్రియ భాగం లీటరుకు 2.4 గ్రాములైతే, 36ను 2.4తో భాగించగా గ్రాముకు గంటకు 15 మి.గ్రా. ప్రాణవాయువు వినియోగం వస్తుంది. దీనినే నిర్దిష్ట ప్రాణవాయువు వినియోగ వేగం అంటారు.

సాధారణ ఉత్తేజిత బురద కేంద్రాల్లో ఈ విలువ 8 నుంచి 20 మధ్య ఉండడం వాడుకలో ఉన్న మార్గదర్శకం. ఉష్ణోగ్రత, మురుగు స్వభావం, బురద వయసును బట్టి ఇది మారుతుంది. కాబట్టి ఏ కేంద్రమైనా శుద్ధి సజావుగా ఉన్న రోజుల్లో నెల రెండు నెలలు కొలతలు తీసి, తన సొంత ప్రామాణిక విలువను ఏర్పరచుకోవాలి. ఒక్క రోజు విలువ కంటే వరుసగా వచ్చే విలువల పోకడ ముఖ్యం.

ఈ పరీక్షను కొద్దిగా మార్చి రాబోయే ముప్పును పసిగట్టవచ్చు. తిరిగి పంపే బురదను రెండు సీసాల్లో తీసుకొని, ఒకదానిలో అప్పుడే వచ్చిన మురుగును, రెండవ దానిలో శుద్ధి అయిన నీటిని కలిపి రెండింటి వేగాలను పోల్చాలి. ఆహారం అందిన మొదటి సీసాలో వేగం ఎక్కువగా ఉండాలి. అందులోనే తక్కువగా ఉంటే, వస్తున్న మురుగులో సూక్ష్మజీవులకు హాని చేసే పదార్థం ఉన్నట్లే. అది తొట్టి అంతటా కలవక ముందే హెచ్చరిక అందుతుంది.

నేల పరీక్ష నుంచి వచ్చిన ఎర్ర రంగు

వ్యవసాయ పరిశోధకులకు చిరపరిచితమైన డీహైడ్రోజినేజ్ పరీక్ష బురదకూ వర్తిస్తుంది. శ్వాసక్రియలో పాల్గొనే ఈ ఎంజైములు బతికిన కణాల్లోనే పనిచేస్తాయి. రంగులేని ట్రైఫినైల్ టెట్రజోలియం క్లోరైడును నమూనాకు కలిపి చీకటిలో ఉంచితే, ఎంజైముల చర్య వల్ల అది ఎర్రని ఫార్మజాన్‌గా మారుతుంది. దానిని మిథనాలుతో వెలికితీసి 485 నానోమీటర్ల వద్ద రంగు గాఢతను కొలుస్తారు. నేల నమూనాకు సాధారణంగా 24 గంటల సమయం అవసరం కాగా, సూక్ష్మజీవులు దట్టంగా ఉండే బురదకు అంతకంటే చాలా తక్కువ సమయం సరిపోతుంది.

ఈ పరీక్షలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. కరిగిన ప్రాణవాయువు ఈ రసాయనంతో పోటీపడి ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది కాబట్టి నమూనాలో అది మిగిలి ఉంటే ఫలితం తక్కువగా వస్తుంది. వెలుతురు తగిలితే రసాయనం తనంతట తానే మారి ఫలితం ఎక్కువగా వస్తుంది. నేల పరీక్షా కేంద్రాల్లో ఉండే స్పెక్ట్రోఫోటోమీటరుతోనే ఈ పని పూర్తవుతుంది. కావున చిన్న శుద్ధి కేంద్రాలు సమీపంలోని వ్యవసాయ ప్రయోగశాల సహకారాన్ని తీసుకోవచ్చు.

ఎ.టి.పి. - బతికిన కణం గుర్తు

కణంలో జరిగే ప్రతి పనికీ శక్తిని అందించే నాణెం అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఎ.టి.పి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో దీనిని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నారు. నేలలో, మొక్కలో భాస్వరాన్ని అంచనా వేసే విద్యార్థులకు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి సుపరిచితమే. అదే శాస్త్రవేత్త ఆవిష్కరణ నేడు మురుగునీటి తొట్టిలోని జీవాన్ని కొలిచేందుకు ఆధారం కావడం తెలుగువారికి ఆనందదాయకం.

ఈ కొలతకు సాధనం మిణుగురు పురుగు. మిణుగురు వెలుగుకు ఎ.టి.పి. అవసరమని అమెరికా శాస్త్రవేత్త విలియం మెకల్రాయ్ 1947లో నిరూపించారు. మిణుగురు నుంచి లభించే లూసిఫెరిన్, లూసిఫరేజ్‌లను నమూనాకు కలిపితే, అందులోని ఎ.టి.పి. పరిమాణానికి తగినంత వెలుగు వస్తుంది. లూమినోమీటరు ఆ వెలుగును నిమిషాల్లో చదువుతుంది.

కణం చనిపోతే దానిలోని ఎ.టి.పి. త్వరలోనే విచ్ఛిన్నమవుతుంది. అందువల్ల చచ్చిన కణాలు, పీచు, జిగురు ఈ లెక్కలోకి రావు. బురద బరువు చెప్పలేని విషయం ఇక్కడ తెలుస్తుంది. పరీక్షలో రెండు విలువలు తీస్తారు. కణాలను పగలగొట్టి కొలిచేది మొత్తం ఎ.టి.పి., కణాల వెలుపల నీటిలో ఉన్నది విడి ఎ.టి.పి. మొదటి దాని నుంచి రెండవ దానిని తీసివేస్తే బతికిన కణాల్లోని ఎ.టి.పి. వస్తుంది. మొత్తంలో విడి ఎ.టి.పి. వాటా పెరిగిందంటే కణాలు పగిలిపోతున్నాయని, అంటే సూక్ష్మజీవులు ఒత్తిడికి లోనవుతున్నాయని అర్థం. బి.ఓ.డి. పెరగక ముందే ఈ నిష్పత్తి పెరగడం దీనిలోని ప్రత్యేక ప్రయోజనం.

లూసిఫరేజ్ ఎంజైము వేడికి పాడవుతుంది కాబట్టి శీతల నిల్వ కావాలి. నీటిలో లవణాలు, భార లోహాలు, మడ్డి ఎక్కువగా ఉంటే వెలుగు తగ్గి తప్పుడు ఫలితం వస్తుంది. తగినంతగా పలచన చేసి, తెలిసిన ఎ.టి.పి. ద్రావణంతో పోల్చి చూసుకోవాలి. ఒక్కో పరీక్షకు అయ్యే ఖర్చు దృష్ట్యా ఇది పెద్ద కేంద్రాలకు, పారిశ్రామిక వ్యర్థాలు కలిసే కేంద్రాలకు ఎక్కువ అనువు.

సూక్ష్మదర్శిని చెప్పే కథ

రోజుకు ఒక చుక్క బురదను సూక్ష్మదర్శిని కింద చూసే అలవాటు ఏ పరికరానికీ తీసిపోదు. కాడతో రేణువును పట్టుకొని గంట ఆకారంలో కనిపించే వర్టిసెల్లా వంటి ప్రోటోజోవా సమృద్ధిగా ఉంటే శుద్ధి నిలకడగా ఉన్నట్లు. కశాభాలతో స్వేచ్ఛగా తిరిగే చిన్న జీవులు మాత్రమే కనిపిస్తే బురద లేతది లేదా భారం ఎక్కువైనది. రోటిఫర్లు అధికమైతే బురద వయసు మీరినట్లు. నిన్నటి వరకు చురుకుగా కదిలిన ప్రోటోజోవా నేడు కదలకుండా ఉంటే విషపదార్థం వచ్చి చేరినట్లు భావించి వెంటనే ప్రాణవాయువు వినియోగ పరీక్షతో నిర్ధారించుకోవాలి.

గాలి లేని శుద్ధిలో చురుకుదనం

నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గాట్జె లెట్టింగా బృందం 1970ల్లో అభివృద్ధి చేసిన యు.ఎ.ఎస్.బి. పద్ధతిలో గాలి అవసరం లేదు. మురుగు కింది నుంచి పైకి బురద పొర గుండా ప్రవహిస్తుంది, మీథేన్ వెలువడుతుంది. గంగా కార్యాచరణ ప్రణాళికలో భాగంగా కాన్పూరులో ఈ పద్ధతిని పరీక్షించిన అనంతరం దేశంలో పలుచోట్ల నెలకొల్పారు. మూసీ ఒడ్డున రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యం గల అంబర్‌పేట కేంద్రం కూడా ఈ పద్ధతిపై నిర్మించినదే.

ఇక్కడ ప్రాణవాయువు వినియోగం కొలవడానికి వీలుండదు. గ్రాము సేంద్రియ బురద రోజుకు ఎంత మీథేన్ ఇస్తుందో కొలిచే మీథేన్ ఉత్పాదక చురుకుదనమే ప్రమాణం. అయితే ఈ పరీక్షకు రోజులు పడుతుంది. కాబట్టి దైనందిన నిర్వహణకు ఎగిరే కొవ్వు ఆమ్లాలు, క్షారత మధ్య నిష్పత్తిని చూస్తారు. ఇది 0.3 లోపు ఉంటే నిలకడ. అంతకు మించి పెరుగుతూ పోతే మీథేన్ సూక్ష్మజీవులు వెనుకబడి ఆమ్లం పేరుకుంటున్నట్లు. ఉదజని సూచిక పడిపోయాక మేల్కొనడం కంటే ఈ నిష్పత్తి కదలగానే మురుగు రాకను తగ్గించడం మేలు.

కొలత నుంచి నిర్ణయానికి

కొలతల పుస్తకం నిండినంత మాత్రాన ప్రయోజనం లేదు. ప్రతి మార్పుకూ తగిన చర్య ఉండాలి.

1. ప్రాణవాయువు వినియోగం పెరిగి, శుద్ధి అయిన నీరు మడ్డిగా వస్తుంటే భారం ఎక్కువైనట్లు. గాలి పెంచాలి, బురద బయటకు తీయడం తగ్గించాలి, వచ్చే మురుగును సమీకరణ తొట్టిలో నిలిపి కొద్దికొద్దిగా పంపాలి.

2. వినియోగం క్రమంగా తగ్గుతూ, నీరు బాగానే వస్తుంటే బురద ముదిరి ఆకలితో ఉన్నట్లు. బురదను బయటకు తీయడం పెంచాలి. అయితే మార్పు రోజుకు 10-15 శాతానికి మించకూడదు. అనవసరంగా నడుస్తున్న గాలి యంత్రాలను తగ్గిస్తే విద్యుత్తు ఆదా అవుతుంది. ఉత్తేజిత బురద కేంద్రాల విద్యుత్తు ఖర్చులో సుమారు సగం గాలి పంపడానికే అవుతుంది.

3. వినియోగం హఠాత్తుగా పడిపోయి, గాలి యంత్రాల వేగం మారకుండానే తొట్టిలో ప్రాణవాయువు పెరిగితే అది శుభసూచకం కాదు. ప్రాణవాయువు మిగిలిపోవడానికి కారణం దానిని వాడుకునే జీవులు లేకపోవడమే. మీటరులో విలువ పెరిగిందని సంతృప్తి చెంది గాలి తగ్గించడం సాధారణంగా జరిగే పొరపాటు. మురుగును మళ్ళించి, బురద తీయడం ఆపి, అవసరమైతే మరో కేంద్రం నుంచి ఆరోగ్యవంతమైన బురదను తోడుగా తెచ్చి కలపాలి.

4. సేంద్రియ భారం ఉండీ చురుకుదనం తక్కువగా ఉంటే పోషకాల లోపాన్ని పరిశీలించాలి. బి.ఓ.డి., నత్రజని, భాస్వరం 100:5:1 నిష్పత్తిలో ఉండాలి. ఇళ్ళ మురుగులో ఈ లోపం ఉండదు. పిండి, చక్కెర పదార్థాలు అధికంగా ఉండే సగ్గుబియ్యం, చక్కెర పరిశ్రమల వ్యర్థజలాల్లో తరచు ఉంటుంది. పంటకు వేసినట్లే యూరియా, డి.ఎ.పి. తగు మోతాదులో అందించి సరిచేయవచ్చు.

5. శుద్ధి అయిన నీటిలో అమ్మోనియా పెరగడం తొలి హెచ్చరిక. అమ్మోనియాను నైట్రైటుగా మార్చే నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతాయి, విషానికి ముందుగా లొంగుతాయి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి సుమారు 4.6 గ్రాముల ప్రాణవాయువు, 7.1 గ్రాముల క్షారత అవసరమని గుర్తుంచుకోవాలి.

పొలానికి చేరే నీరు

శుద్ధి అయిన నీటిలో లీటరుకు 30 మి.గ్రా. నత్రజని మిగిలి ఉంటే, ఎకరాకు ఒక అంగుళం తడి పెట్టిన ప్రతిసారీ సుమారు 3 కిలోల నత్రజని నేలకు చేరుతుంది. పది తడులకు 30 కిలోలు. ఈ లెక్క తెలియక సిఫారసు చేసిన యూరియా మొత్తాన్నీ వేసే రైతుకు వరి ఏపుగా పెరిగి పడిపోవడం, తెగుళ్ళు పెరగడం తప్ప లాభం ఉండదు. శుద్ధి కేంద్రం అమ్మోనియా, నైట్రేటు విలువలను దిగువ రైతులకు తెలియజేస్తే ఎరువు ఖర్చు తగ్గించుకునే వీలు కలుగుతుంది.

పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986 ప్రకారం సాగుభూమిపైకి వదిలే వ్యర్థజలాల్లో బి.ఓ.డి. లీటరుకు 100 మి.గ్రా., తేలియాడే ఘన పదార్థం 200 మి.గ్రా. మించకూడదు. నదులు, చెరువుల్లోకి వదిలే నీటికి ఈ పరిమితులు వరుసగా 30, 100 మి.గ్రా.

ఒక విషయంలో మాత్రం భ్రమ కూడదు. బురద చురుకుగా ఉన్నంత మాత్రాన నీరు రోగకారక క్రిములు లేనిదైపోదు. పచ్చిగా తినే కూరలకు వాడే నీటిలో 100 మి.లీ.కు మలసంబంధ కోలిఫారములు 1000 లోపు, లీటరుకు పేగు పురుగుల గుడ్లు ఒకటికి మించకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో సూచించింది. వీటిని వేరే పరీక్షలతోనే నిర్ధారించాలి. అదే విధంగా సీసం, క్రోమియం వంటి లోహాలను సూక్ష్మజీవులు నాశనం చేయలేవు, అవి బురదలో పేరుకుంటాయి. నీటి లవణీయత కూడా ఈ శుద్ధితో తగ్గదు.

బురదను ఎరువుగా వాడదలచినప్పుడు ఇదే ప్రాణవాయువు పరీక్ష తలకిందులుగా ఉపయోగపడుతుంది. తొట్టిలో చురుకుదనం కోరుకుంటాం, పొలానికి తరలించే బురదలో నిశ్చలతను కోరుకుంటాం. అమెరికా 1993 నాటి నిబంధనల ప్రకారం గాలితో జీర్ణం చేసిన బురద 20 డిగ్రీల వద్ద గ్రాము ఘన పదార్థానికి గంటకు 1.5 మి.గ్రా. కంటే ఎక్కువ ప్రాణవాయువు తీసుకోకపోతే, అది ఈగలను, ఎలుకలను ఆకర్షించనంతగా స్థిరపడినట్లు పరిగణిస్తారు. లోహాల పరీక్ష చేయకుండా ఏ బురదనూ పొలంలో వేయరాదు.

ముగింపు

ప్రతి కేంద్రానికీ ఖరీదైన పరికరాలు అవసరం లేదు. లీటరు కొలజాడీ, సూక్ష్మదర్శిని, ప్రాణవాయువు మీటరు, శ్రద్ధగా రాసే ఒక పుస్తకం ఉంటే వసతి గృహాలు, పాడి పరిశ్రమలు, చిన్న పట్టణాల శుద్ధి కేంద్రాలు కూడా తమ సూక్ష్మజీవుల స్థితిని ఏ రోజుకారోజు తెలుసుకోగలవు. పెద్ద కేంద్రాలు వీటికి ఎ.టి.పి., డీహైడ్రోజినేజ్ పరీక్షలను జోడించుకోవచ్చు. బి.ఓ.డి. పరీక్షను మానుకోవలసిన పని లేదు, చట్టానికి అది కావాలి. అయితే మూడు రోజుల తరువాత వచ్చే అంకె దిగువ రైతు మడిని కాపాడలేదు. ఉదయం తీసిన నమూనా చెప్పిన మాటను విని, ఆ పూటే గాలిని, బురదను, మురుగు రాకను సరిదిద్దుకున్నప్పుడే కాలువలోకి వదిలే నీరు పంటకు పనికివచ్చే నీరుగా చేరుతుంది.